‘తడవ’ అనడం నేర్చుకున్న పెద్దమేడం

ఆ పొద్దున నేను జువ్వలదిన్నె హార్బరులో బూందీ లడ్లు పంచుతున్నాను. ముందురోజు సాయంత్రమే మా అమ్మాయి పరీక్ష ఫలితం వచ్చింది. పళ్ళ డాక్టరు చదువు ముందే అయిపోయింది. ఆ పైన మూడేళ్ళు రూట్ కెనాల్ వైద్యంలో చేసిన పెద్ద చదువు కూడా ఇప్పుడు పూర్తయింది. నా సంతోషం ఏమని చెప్పను! ఏడో తరగతితో బడి మానేసి వలలు లాగినవాడి ఇంట్లో స్పెషలిస్టు డాక్టరు! తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ, ఐసు కొట్టే కూలీలకీ, చేపలు కొనడానికొచ్చిన వ్యాపారులకీ చేతుల్లో పెడుతూ పోతున్నాను. అప్పుడు ఫోను మోగింది. మా అమ్మాయే.

“నాయనా, పెద్దమేడం పోయినారు.”

ఎదురుగా ఒకాయన ఇంకా చెయ్యి చాపుకొనే ఉన్నాడు. ఆ చేతిలో లడ్డు పెట్టాలో మానాలో నాకు తోచలేదు. పెట్టాను.

“ఏందన్నా, ఏడస్తా లడ్డు పెడతండావు?” అన్నాడు.

డబ్బా మూతపెట్టి, ఒడ్డున ఆపిన బోటు నీడలో కూర్చుండిపోయాను. సంతోషమూ దుఃఖమూ ఇట్లా ఒకే పూట వస్తే మనిషి దేనికి చోటివ్వాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

పెద్దమేడం అంటే మా అమ్మాయి చదివిన కాలేజీలో రూట్ కెనాల్ విభాగానికి పెద్ద. పిల్లలంతా అట్లాగే పిలిచేవాళ్ళు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. గోడమీద పేరు చెక్కిస్తామన్నా వద్దన్న మనిషి. ఆమెకు నచ్చని పని ఆమె పోయాక చేయడం నాకు ఇష్టం లేదు.

ఆమెను మొదట చూసింది మా అమ్మాయిని చేర్పించడానికి వెళ్ళిన రోజు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని బల్లమీదంతా దానికోసమే వెతుకుతున్నారు. నేనే చెప్పాను, “అమ్మా, తలమీదుంది” అని. నవ్వి, దాన్ని కిందికి దించి, “ఇప్పుడు కనబడుతున్నారు, కూర్చోండి” అన్నారు. నాకు ఉండబట్టలేదు, మనసులో నలుగుతున్న మాట అడిగేశాను.

“అయిదేళ్ళు నోరంతా చదివింది గదమ్మా మా పాప. మళ్ళా ఒక్క పంటికి మూడేళ్ళెందుకు?”

మా అమ్మాయి సిగ్గుతో తల దించుకుంది. ఆమె మాత్రం కుర్చీ నా వైపు జరుపుకుని, కాగితం మీద పన్ను బొమ్మ గీశారు. పైకి కనిపించేదాని కంటే లోపల వేళ్ళే పెద్దవి. ఆ వేళ్ళలో వెంట్రుకంత కాలువలు. ఒక్కో పంటికి ఒక్కో తీరు, ఒక్కో మనిషికి ఒక్కో తీరు. చీము పట్టిన కాలువను కొసదాకా శుభ్రం చేసి మూసేస్తే పన్ను పీకక్కర్లేదు.

“చీకట్లో, కంటికి కనబడని దారిలో, బతికున్న మనిషి నోట్లో చెయ్యాలి అన్నా. మూడేళ్ళు తక్కువే,” అన్నారు.

‘అన్నా’ అన్నారు నన్ను! అంత చదువుకున్న మనిషి, ఉప్పుగాలికి మాడిపోయిన నా మొహం చూసి, ఏ తడబాటూ లేకుండా ‘అన్నా’ అన్నారు. ఆ ఒక్క మాటకే నేను ఆమెకు రాసిచ్చేసిన మనిషినైపోయాను.

కొత్తగా చేరిన పిల్లలకు ఆమె మొదట నేర్పేది ఏమిటో తెలుసా? పనిముట్టు కాదు, పుస్తకం కాదు. వాళ్ళనే కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరవమని, మొహంమీద లైటు వేసి వెళ్ళిపోయేవారట. దవడలు లాగి, గొంతులో ఉమ్మి నిండి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా తిరిగొచ్చేవారు కాదట. వచ్చాక, “ఇది గుర్తుపెట్టుకుని చెయ్యి పెట్టండి” అనేవారట. మా అమ్మాయి ఆ సాయంత్రం ఫోనులో, “దవడ నొప్పి నాయనా, మాట్లాడలేను” అంటే నేను కంగారుపడిపోయి, పళ్ళ కాలేజీలో చేరి పళ్ళే పాడుచేసుకుందేమోననుకున్నాను.

ఆ చదువులో పిల్లలకు జబ్బు పళ్ళు కావాలి. చెయ్యి తిరగాలంటే అంతే. మా హార్బరులో జబ్బు పళ్ళకు కరువా! పుగాకు, తీపి టీ, పోటు వచ్చినప్పుడు పళ్ళమధ్య కుక్కుకునే లవంగం. పోటు భరించలేకపోతే పీకించుకోవడం తప్ప మావాళ్ళకు వేరే వైద్యం తెలియదు. టౌనుకు చేపలు దించడానికి పోయే వ్యానులో నేనే మనుషుల్ని ఎక్కించుకుని పోయేవాణ్ణి. ఐసునీళ్ళ వాసనతో మేము గుమ్మంలోకి రాగానే మిగతా పేషెంట్లు ముక్కు మూసుకునేవాళ్ళు. పెద్దమేడం మాత్రం ఎదురొచ్చి, “ఈ రోజు ఏం పడ్డాయన్నా?” అని అడిగేవారు. చేపల పేర్లు మా దగ్గరే నేర్చుకున్నారు. ఆమెది కృష్ణా జిల్లా వైపు ఊరు. సముద్రం చేప తినడం కూడా ఇక్కడికొచ్చాకే అలవాటైందట.

మా ఇంటి పక్కనే ఒక సరంగు ఉన్నాడు, బోటు నడిపేవాడు. ఆయన పెళ్ళాం నాకు చెల్లెలి వరస. వేట నిషేధం ఉండి బోట్లన్నీ ఒడ్డునున్న ఎండాకాలంలో అతనికి వెనక దవడ పన్ను పోటెత్తింది. మా అమ్మాయికే అప్పగించారు. మొదటిసారి మందు పెట్టి పంపిస్తూ, “మావా, ఇంకా రెండు సిట్టింగులుంటాయి, తప్పకుండా రా” అని చెప్పింది. డాక్టర్లు అట్లాగే అంటారట, కుర్చీలో ఒకసారి కూర్చుంటే ఒక సిట్టింగు. మా వైపు మగవాళ్ళు నలుగురు చేరి సీసా ముందు పెట్టుకుంటే దాన్ని కూడా సిట్టింగే అంటారు. ఈ సంగతి కాలేజీలో ఎవరికి తట్టింది?

మర్నాడు మా చెల్లెలు వీధిలోనే నన్ను నిలేసింది.

“ఏందన్నా, నువ్వు గూడా ఈయనతో చేరినావా? పెద్దోడివి గదా! ఒక సిట్టింగ్ అయిపోయిందంట, ఇంకా రెండు సిట్టింగులంట! అదీ పట్టపగలు, టౌనుకు పోయి!”

“మేయ్, పంటికే అది,” అన్నాడు సరంగు వెనకనుంచి. “డాక్టరు సిట్టింగ్. కావాలంటే ఊత్తా, వాసన సూడు.”

ఊదాడు. పంటిలో పెట్టిన మందు లవంగనూనెది. గుప్పుమంది.

“సూడన్నా సూడు! కంపు తెలీకుండా లవంగాలు నమిలొచ్చినాడు!”

నేను ఎంత చెప్పినా నమ్మలేదు. అతన్ని గుమ్మం దాటనివ్వలేదు. పోటు కూడా తగ్గిపోయింది కాబట్టి అతనికీ పట్టలేదు. చివరికి ఇద్దరినీ వ్యాను ఎక్కించుకుని పోయి పెద్దమేడం ముందు నిలబెట్టాను. మా చెల్లెలు సంగతంతా చెప్పింది. మేడం మొదట అర్థంకాక నా మొహం చూశారు. అర్థమయ్యాక నవ్వారు చూడండి! కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుని మళ్ళీ నవ్వారు.

“అయితే పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా డిపార్టుమెంటులో జరిగేదంతా సిట్టింగులేనన్నమాట! బాగుందమ్మా. మరి మీ ఊళ్ళో ఏమంటారు, ఒకసారి రావడం, రెండోసారి రావడం అంటే?”

“తడవ అంటాం మేడం. ఒక తడవ, రెండు తడవలు.”

“తడవ,” అని ఆమె పలికి చూసుకున్నారు. పిల్లలందరినీ పిలిచి, “ఇక్కడ ఇకనుంచి సిట్టింగుల్లేవు. తడవలు. అర్థమైందా?” అన్నారు. మా చెల్లెలు చేయి పట్టుకుని, “నొప్పి పోయింది, జబ్బు పోలేదమ్మా. నొప్పి పోయిందని ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళే మళ్ళీ మొహం వాచిపోయి వస్తారు. నువ్వే దగ్గరుండి తీసుకురా” అని చెప్పారు. ఆ తర్వాత మా చెల్లెలే ఆయన్ని తరుముకొచ్చేది.

ఆ రెండో తడవే మా ఇంటిమీద పిడుగు పడింది.

పంటి కాలువలోకి సూదిలాంటి పనిముట్టు దింపుతారు. వెంట్రుకకంటే కాస్త లావు, ఒళ్ళంతా మరలు. అది సరంగు పంటివేరులో మా అమ్మాయి చేతిలో విరిగింది. కొస ముక్క లోపలే ఉండిపోయింది. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా పైన మందు పెట్టి మూసేసి పంపించేసింది. సరంగు నవ్వుతూ ఇంటికొచ్చాడు. ఆ తర్వాత నాకు ఫోను.

“నాయనా, నేనొచ్చేస్తా. ఈ చదువు నాకొద్దు. నా చేతికొచ్చే పని గాదు.”

అంతకంటే చెప్పించలేకపోయాను. తెల్లారగానే బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి పెద్దమేడం గదిలో మా అమ్మాయి నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. బల్లమీద, మేడం కంటపడిన ఎక్స్‌రే. అందులో పంటివేరు మధ్య తెల్లటి గీత. నన్ను చూసి మేడం కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు, మాట ఆపలేదు.

“విరిగిందని అతనికి తెలుసా?”

“తెలీదు మేడం.”

“అయితే ముందు ఆ పని. తర్వాత బట్టలు సర్దుకో.”

“నా వల్ల కాదు మేడం. నేను మానేస్తాను.”

“మానెయ్యి. నిన్ను కట్టేసి చదివించను. కానీ చెప్పి మానెయ్యి. నా చేతిలో విరగలేదనుకున్నావా? విరిగింది. చెప్పాను. పేషెంటు తిట్టాడు. తిట్టనీ, ఆ నోరు అతనిది.”

గొంతు పెంచలేదు. అదే నన్ను భయపెట్టింది. మా అమ్మాయి మొహం చూశాను. చిన్నప్పుడు తల్లి పోయిన పిల్ల. ఆ రోజు కూడా ఇట్లాగే నిలబడింది. పద తల్లీ ఇంటికి పోదాం అనాలని నాకు నోటిదాకా వచ్చింది. ఆమె ఎదుట ఆ మాట బయటికి రాలేదు.

సరంగునూ మా చెల్లెల్నీ పిలిపించారు. మా అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. విరిగిందని, ముక్క లోపలుందని, నిన్న చెప్పలేదని. మా చెల్లెలే మొదట నోరు విప్పింది, మొగుడి వైపు తిరిగి.

“ఇన్నాళ్ళు చేపల నోట్లో గాలాలు ఇరగ్గొట్టినావు గదా. ఇప్పుడు నీ నోట్లో ఇరిగింది, సరిపోయింది!”

ఎవరూ నవ్వలేదు గానీ గదిలో గాలి ఆడింది. సరంగు దవడ తడుముకుంటూ, “పీకేస్తారా మేడం?” అన్నాడు.

“పీకడం చివరి మాట తమ్ముడూ. ముక్క పక్కనుంచి సందు ఉందేమో వెతకాలి. దొరికితే ముక్క లోపలున్నా పన్ను నిలుస్తుంది. దొరక్కపోతే అప్పుడు చూద్దాం. నేను చెయ్యాలా, ఈమె చెయ్యాలా? నీ ఇష్టం.”

సరంగు మా అమ్మాయి మొహంలోకి చూశాడు. ఆ చూపు ఎంతసేపో.

“బోటు ఇసకలో దిగేసినోడే బయటికి తియ్యాల మేడం. మా పాపే చెయ్యనీ.”

మూడో తడవకు నేనూ మా చెల్లెలూ తలుపు బయట బెంచీమీద కూర్చున్నాం. లోపల మా అమ్మాయి గొంతు వినబడలేదు. పెద్దమేడం మాటలే, అవీ అప్పుడొకటి ఇప్పుడొకటి. “తొయ్యకు… వెనక్కి రా… కడుగు. మళ్ళీ.” లోపల నీళ్ళ చప్పుడు. “నీ వేలు ఏమంటోంది? నన్నడక్కు, దాన్నడుగు.” మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని పిసికేస్తోంది. “కడుగు. మళ్ళీ.” ఎన్ని మార్లు ఆ ‘మళ్ళీ’ విన్నానో లెక్కలేదు. ఆమె ఒక్కసారి కూడా, లే, నేను చేస్తాను అనలేదు. పనిముట్టు అందుకోలేదు. సరంగు చెయ్యి మాత్రం తన చేతిలో పట్టుకుని ఉన్నారట, మొదటినుంచి చివరిదాకా.

చివరికి లోపల ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “దొరికింది మేడం,” అన్న మా అమ్మాయి గొంతు. దానికి జవాబుగా పెద్దమేడం అన్నది, “సరే, ఎక్స్‌రే తియ్యి” అని అంతే. తలుపు తీసుకుని బయటికొచ్చి నన్ను చూసి, “కాఫీ తాగుదామా అన్నా? నా కాళ్ళు వణుకుతున్నాయి” అన్నారు. అప్పుడు తెలిసింది, ఆమె కూడా ఎంత భయపడి నిలబడ్డారో.

మా అమ్మాయి బట్టలు సర్దుకోలేదు. సరంగు నిషేధం అయిపోగానే వేటకు పోయాడు, ఆ పంటితోనే. నాకు ఆ రోజు దక్కింది కూతురి చదువు ఒక్కటే అని అప్పుడనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, నా కూతురే దక్కింది. తప్పు దాచుకుని ఆ పిల్ల ఇంటికొచ్చేసి ఉంటే, బతికినన్నాళ్ళూ ఎవరి మొహమూ చూడలేకపోయేది.

ఆఖరి సంవత్సరంలో పెద్దమేడానికి జబ్బు చేసింది. ఏ జబ్బో ఆమే చెప్పుకోలేదు, నేను రాయను. తలకు గుడ్డ చుట్టుకుని కాలేజీకి వచ్చేవారు. మధ్యాహ్నం అన్నం ఎప్పుడూ ఆలస్యంగానే తినేవారు, పేషెంట్లందరూ అయ్యాక. ఇప్పుడు అది కూడా మానేశారని మా అమ్మాయి బాధపడితే, నేను నెత్తళ్ళనే వేలెడు చేపల పులుసు పెట్టించి మా చెల్లెలి చేత పంపించాను. గిన్నె కడిగి తిరిగి పంపిస్తూ, “ముళ్ళతో సహా తిన్నానని చెప్పు మీ నాన్నకి” అన్నారట. తిన్నారో, మా తృప్తికోసం అన్నారో!

పరీక్షలకు ముందు ఇంటికి వెళ్ళి చూశాం. మంచంమీదున్నారు. గొంతు బాగా తగ్గిపోయింది. మా అమ్మాయిని దగ్గరికి రమ్మని కుడిచెయ్యి తీసుకుని, వేళ్ళకొసలు ఒక్కొక్కటే నొక్కి చూశారు, బియ్యం నాణ్యం చూసినట్టు. తర్వాత నా వైపు తిరిగారు.

“అన్నా, పాసయ్యాక ఊరంతా స్వీట్లు పంచుతావు కదూ?”

“పంచకుండా ఉంటానామ్మా!”

“పంచు. పళ్ళు పాడుచేసుకుని అందరూ దీని దగ్గరికే వస్తారు.”

నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. ఆమె భర్త నీళ్ళు పట్టించారు. అదే ఆమెతో నా ఆఖరి మాట.

ఫలితం తెలిసిన సాయంత్రం మా అమ్మాయి ముందు నాకు కాదు, ఆమెకే ఫోను చేసింది. భర్త ఎత్తారు. ఫోను ఆమె చెవిదగ్గర పెట్టానన్నారు. మా అమ్మాయి చెప్పింది, పాసయ్యాను మేడం అని, మళ్ళీ మళ్ళీ చెప్పింది. అటునుంచి ఏమీ వినబడలేదట. విన్నదో లేదో నాకు తెలియలేదమ్మా అన్నారాయన. పాసైన పిల్ల ఆ మాటతో ఇంతింత ఏడ్చింది. విన్నారనే నేను అంటాను. అనడానికి నా దగ్గర ఆధారం లేదు. అయినా అంటాను.

ఆమెను చూడటానికి మేము చేపల వ్యానులోనే వెళ్ళాం. పనికి పోవాల్సినవాళ్ళు మానుకుని ఎక్కారు, చోటు చాలక కొందరు బస్సులో వచ్చారు. ఇంటినిండా పెద్ద పెద్ద డాక్టర్లు, తెల్లబట్టల్లో నిలబడి మెల్లగా మాట్లాడుకుంటున్నారు. మేము గేటు దగ్గరే ఆగిపోయాం. అంతమందిలోకి మా వాసనతో ఎట్లా పోవాలో తెలియలేదు. ఆమె భర్త చూసి తానే వచ్చారు.

“మీరు ఎవరి తరఫున?” అని అడిగారు. వెనకగా ఉన్న నన్ను చూడలేదు. పాపం, మిగతా అందరినీ ఆయనెట్లా ఎరుగుతారు!

మా చెల్లెలు ముందుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే చెప్పింది.

“మేం మేడం పళ్ళోళ్ళమయ్యా. పీకెయ్యాల్సిన పళ్ళు, ఆయమ్మ పుణ్యాన ఉండాయి.”

ఆయన మా అందరినీ లోపలికి తీసుకుపోయి, డాక్టర్లను కాస్త పక్కకు జరగమన్నారు. తల దగ్గర మా అమ్మాయి కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మేడం కళ్ళజోడు తీసేసి ఉంది. కళ్ళజోడు లేని ఆ మొహం నేను ఎప్పుడూ అంతసేపు చూడలేదు. చిన్నపిల్ల మొహంలా ఉంది. దండం పెట్టుకున్నాను. అమ్మా, నీకు నేనేమిచ్చుకోగలను అని లోపలే అనుకున్నాను.

అన్నీ అయ్యాక, ఎండ దిగుతున్నప్పుడు, నేనూ మా అమ్మాయీ ఊరికి పోవడానికి కావలి బస్సెక్కాం. పొద్దుటినుంచి ఆ పిల్ల మంచినీళ్ళు కూడా తాగలేదు. తాగమంటే తల ఊపింది. కిటికీ దగ్గర కూర్చుంది. పక్కన వరిమళ్ళు పోతున్నాయి, వాటిమీద కొంగలు లేస్తున్నాయి. బస్సు టౌను దాటిందో లేదో, తల నా భుజంమీద వాలిపోయింది. ఎన్ని రోజుల నిద్రో!

బరువు మారితే మేలుకుంటుందేమోనని నేను కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి ఒడిలో ఉన్న ఆ పిల్ల కుడిచెయ్యి కదిలింది. లేస్తోందేమోననుకున్నాను. లేదు, గాఢంగా నిద్రపోతోంది. బొటనవేలు, చూపుడువేలు కలుసుకున్నాయి. మధ్యలో ఏమీ లేదు. అయినా ఏదో సన్నటిదాన్ని పట్టుకున్నట్టు, ఇటు కొద్దిగా, అటు కొద్దిగా, తొందర లేకుండా తిప్పుతున్నాయి. ఆగాయి. వెనక్కి వచ్చినట్టు కాస్త పైకి లేచాయి. మళ్ళీ మొదలుపెట్టాయి.